విశాఖలో నాలుగు రోజులు

మా తాతగారి తరంలో వాల్తేరు అంటే ఊరి పేరు కాదు, మందు పేరు. నెల్లాళ్లు జ్వరంతో తీసుకుని లేచినవాడికి డాక్టరుగారు చీటీ రాసి ఇచ్చి, చివర ఒక మాట తగిలించేవారట: “వీలుంటే వాల్తేరు వెళ్లి ఓ నెల ఉండి రండి.” గాలి మార్పు అన్నమాట. పొద్దున్నే సముద్రపుటొడ్డున నడక, సాయంత్రం కొండవాలు మీద నడక, రెండు పూటలా ఆకలి. స్థితిపరులు అక్కడ బంగళాలు కట్టుకున్నారు, లేనివాళ్లు బంధువుల ఇళ్లు వెతుక్కున్నారు. అప్పట్లో రైలుస్టేషను పేరు కూడా వాల్తేరే.

ఇప్పుడు విశాఖపట్నానికి గాలి కోసం వెళ్లేవాళ్లు తక్కువేమో గాని, ఆరోగ్యం కోసం వెళ్లేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఉత్తరాంధ్రలో ఏ ఊరి బస్సు ఎక్కినా ఒళ్లో ఎక్స్‌రే కవరు పెట్టుకు కూర్చున్న మనిషి ఒకరైనా కనిపిస్తారు.

ఈ మధ్య ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సదస్సు ఉందని రాజమండ్రి నుంచి బయలుదేరాను. సదస్సు రెండు రోజులే. నేనున్నది నాలుగు రోజులు. మా మేనమామగారు అక్కడే ఒక ఆసుపత్రిలో ఉన్నారు. చూడకుండా వచ్చేస్తే మా అమ్మ గుమ్మంలోకి రానివ్వదు. ఆ విధంగా ఆసుపత్రికీ సముద్రానికీ మధ్య తిరుగుతూ ఊరు చూశాను. సదస్సు సంగతి ఇక్కడ చెప్పను. వెళ్లినవాళ్లకే అది బరువైంది, పాఠకులకెందుకు?

ఊళ్లో చాలాచోట్ల ‘స్మార్ట్ సిటీ’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని గనుక పదం కనబడితే పట్టుకు వేలాడడం నాకు జబ్బు. ఇంగ్లీషులో ఆ మాటకు రెండు ముఖాలున్నాయి. చక్కగా ముస్తాబైనవాడూ స్మార్టే, చురుకైన బుర్ర ఉన్నవాడూ స్మార్టే. మన పత్రికలవాళ్లు దాన్ని ‘ఆకర్షణీయ నగరం’ అని తెనిగించారు. అంటే ముస్తాబును పట్టుకుని బుర్రను వదిలేశారన్నమాట. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ఆకర్షణ చాలు గాని, కాపురం చేసేవాళ్లకు చాలుతుందా? నన్నడిగితే ‘చురుకైన నగరం’ అనేవాణ్ని. అడగలేదు లెండి.

ఈ పథకం 2015 జూన్ 25న మొదలైంది. దేశంలో 100 నగరాలను ఎంచాలని సంకల్పం. 2016 జనవరిలో మొదటి 20 పేర్లు ప్రకటించినప్పుడు విశాఖపట్నం ఎనిమిదోది, కాకినాడ పద్నాలుగోది. తరువాతి విడతల్లో వరంగల్లు, తిరుపతి, కరీంనగర్, అమరావతి వచ్చాయి. ఒక్కొక్క నగరానికి కేంద్రం ఐదేళ్లలో 500 కోట్లు ఇస్తుంది, అంతే మొత్తం రాష్ట్రమూ నగరపాలక సంస్థా కలిసి వేసుకోవాలి. గడువు పెంచుతూ పెంచుతూ 2025 మార్చి 31తో పథకం ముగించారు. పెళ్లి అయిపోయింది, పందిరి విప్పారు. ఇక పద్దు చూసుకోవలసిన వేళ.

ముందుగా మెచ్చుకోవలసినవి మెచ్చుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని ఎలా పీకి పెట్టిందో చూసినవాళ్లకు ఇప్పటి బీచిరోడ్డు చూస్తే కళ్లు నమ్మవు. పొద్దున్నే ఆ రోడ్డు మీదికి బళ్లను రానివ్వరు. ముసలివాళ్లు, బాలెంతలు, మోకాళ్ల నొప్పులవాళ్లు, పెళ్లి కావలసిన కుర్రాళ్లు అందరూ నడుస్తూంటారు. కురుసుర జలాంతర్గామి 2002 నుంచీ ఇసుక మీదనే లంగరు వేసుకుంది. ఆ ఒడ్డునే అంగవైకల్యం ఉన్న పిల్లలు కూడా తక్కినవాళ్లతో కలిసి ఆడుకునేటట్టు ఒక పార్కు కట్టారు. చక్రాల కుర్చీలో ఉన్న ఒక పిల్లవాడు అక్కడ ఊగుతూంటే వాళ్ల నాన్న పక్కన నిలబడి, ఊపకుండా, ఊరికే చూస్తున్నాడు. ముడసర్లోవ జలాశయం నీళ్ల మీద సూర్యరశ్మి పలకలు తేలవేసి 2018 నుంచి రెండు మెగావాట్ల కరెంటు తీస్తున్నారు. ఇవన్నీ చురుకుదనమే. కాదనను.

నా పాత శిష్యుడొకడు నగరపాలక సంస్థలో పని చేస్తున్నాడు. వాళ్లకు ఒక పెద్ద కేంద్రం ఉంది. సినిమా తెరలంత తెరలు. కూడళ్ల దగ్గర కెమెరాలు చూసినది అక్కడ కనిపిస్తుంది, చెత్తబండి ఏ వీధిలో ఉన్నదీ తెలుస్తుంది, వీధిదీపాలు అక్కడి నుంచే ఆర్పవచ్చు, వెలిగించవచ్చు. శిష్యుడు చెబుతూంటే వింటూ వింటూ ఒక్క ప్రశ్న వేశాను.

“ఏమోయ్, ఈ క్షణాన ఊళ్లోని ఆసుపత్రుల్లో ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయో నీ తెర మీద కనిపిస్తుందా?”

“అది మా శాఖ కాదండి మాస్టారూ,” అన్నాడు.

తప్పు పట్టలేదు. వాడన్నది నిజమే. కాని ఆ మాట పట్టుకునే మూడు రోజులు తిరిగాను.

విశాఖలో ఆసుపత్రి అంటే జనం నోట మొదట వచ్చేది కేజీహెచ్. కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్య కళాశాల రెండూ 1923లో ఇక్కడ మొదలయ్యాయి. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి పానగల్లు రాజాగారు వచ్చి ప్రారంభించారు. 1940లో కళాశాలకు ఆంధ్ర వైద్య కళాశాల అని పేరు మార్చారు. తెలుగునాట నాలుగు తరాల డాక్టర్లు ఆ మెట్లెక్కి దిగారు. మహారాణిపేటలో కొండవాలు మీద ఉంటుంది ఆసుపత్రి. అందుకని ఆటో ఎక్కగానే డ్రైవరు “పై గేటా, కింది గేటా?” అని అడుగుతాడు. కొత్తవాడు తెల్లముఖం వేస్తాడు. పై నుంచి కిందికి దిగడం తేలికే, కాలికి కట్టు ఉన్నవాడు కింది నుంచి పైకి ఎక్కడమే కష్టం. పాతూళ్లో ఆడవాళ్ల విక్టోరియా ఆసుపత్రి ఉంది, జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. ఛాతీ ఆసుపత్రి, మానసిక వైద్యశాల వాల్తేరు వైపు. హనుమంతవాక దగ్గర విమ్స్ 2016లో తెరిచారు. ఇన్ని ఉన్నా చివరికి పెద్దకేసు అంటే కేజీహెచ్‌కే రాస్తారు.

ఎవరు వస్తారు ఇక్కడికి? ఇదే అసలు సంగతి. 2011 లెక్కల్లో నగర జనాభా 17 లక్షల పైచిలుకు. నగరాన్ని స్మార్టుగా చేసినవాళ్లు వేసుకున్న లెక్క ఆ నగరం ఎల్లల లోపలిది. ఆసుపత్రి లెక్క అది కాదు. విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచి, ఒరిస్సాలోని కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ నుంచి కూడా రోగులు ఇక్కడికే దిగుతారు. ఉద్దానం సంగతి పాఠకులకు తెలిసినదే. కొబ్బరితోటల నడుమ పచ్చగా ఉండే ఆ పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఎన్నేళ్లుగానో మనుషులను తీసుకుపోతోంది, కారణం ఇదీ అని తేలలేదు. ఒకప్పుడు వాళ్లకు డయాలసిస్ అంటే విశాఖ రైలు ఎక్కడమే. పొద్దున్న రైలు, మధ్యాహ్నం సూది, రాత్రి రైలు. వారానికి రెండు మూడుసార్లు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభించారు, అదే రోజున హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం కూడా. విశాఖ ఆసుపత్రి బరువు తగ్గించే పని విశాఖలో కాకుండా పలాసలో జరిగిందన్నమాట. ఏ నగరపు తెర మీదా అది కనిపించదు.

మా మామయ్యగారు ఉన్న ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినందువల్ల లాభమూ లేదు. అక్కడ చీటీలిచ్చే కిటికీల పక్కన గోడ మీద నల్లటి గళ్ల బొమ్మ ఒకటి అంటించారు. ఫోను దాని ముందు పెడితే మన పేరూ వివరాలూ వెళ్లిపోయి నంబరు వస్తుంది, లైనులో నిలబడనక్కరలేదు. కేంద్రం 2021లో తెచ్చిన ఆరోగ్య సంఖ్యల పథకంలో ఇదొక భాగం. మామయ్యగారు చేరిన రోజున మా మేనత్త కొడుకు ఫోను తీసి రెండు నిమిషాల్లో పని ముగించాడట. చాలా బాగుంది.

రెండో రోజు మధ్యాహ్నం టిఫిను కారియరు పట్టుకుని వెళ్తూంటే ఆ లైనులో ఒక ముసలాయన, ఆయన భార్య కనిపించారు. అనంతగిరి అవతల ఏదో గూడెం. ముసలామె కడుపు పట్టుకుని గోడకు ఆని కూర్చుంది. ఆయన చేతిలో మీటల ఫోను.

“ఏటి బాబూ, ఆ బొమ్మ కాడ పెడితే సీటీ వస్తాదంట గదా?” అని నన్నడిగాడు.

నా ఫోనుతో చేసిపెడదామని చూశాను. ఆరోగ్య సంఖ్య ఉంది. కాని దానికి రాసి ఉన్న ఫోను వాళ్ల కొడుకుది. వాడు హైదరాబాదులో మేడలు కట్టే పనిలో ఉన్నాడు. అంకెలు ఆ ఫోనుకు పోతాయి, వాడు చూసి చెబితే గాని ఇక్కడ తలుపు తెరుచుకోదు. నాలుగుసార్లు మోగించాం. సారువ మీద నిలబడి సిమెంటు తట్ట అందుకునేవాడు ఫోను ఎలా ఎత్తుతాడు? ముసలాయన మళ్లీ లైనులో చేరాడు. నేను పైకి వెళ్లి మామయ్యగారికి అన్నం పెట్టి, ఆయన రాజకీయోపన్యాసం పూర్తిగా విని దిగి వచ్చేసరికి కిటికీ మూసేశారు. “రేపు రండి” అన్నారట. రాత్రి వాళ్లు బయట చెట్టు కింద పడుకున్నారు. మర్నాడు పదకొండింటికి చీటీ వచ్చింది. ఒక రోజు పోయింది. ఆ ఒక్క రోజుకు ఇద్దరి కూలీ, హోటలు అన్నం, ముసలామె నొప్పి.

మామయ్యగారు రిటైరైన తాసిల్దారు. లెక్క తప్పితే ఊరుకోరు. ఈ సంగతి చెబితే మంచం మీద లేచి కూర్చున్నారు.

“ఒరేయ్, ఆ గళ్ల బొమ్మ మంచిదేరా. నాలాంటివాడికి లైను తప్పించింది. కాని సగం మంది ఫోను దారిన పోతే ఇటు లైను సగం కావాలి గదా? ఎందుకు కాలేదో చూశావా? నాలుగు కిటికీలు ఉండేవి, రెండు మూసేశారు. ఫోనువాళ్లు మిగిల్చిన సమయం ఫోను లేనివాళ్లకు చేరలేదు. మధ్యలో ఎవరో మింగేశారు!”

నర్సమ్మ వచ్చి పడుకోమని గద్దించింది. కాని ఆ మాట పోలేదు. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పాత కిటికీలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. ఆ రెండు కిటికీలు తెరిచి ఉంటే ముసలాయన ఆ సాయంత్రమే అనంతగిరి బస్సు ఎక్కేవాడు.

ఎందుకిలా జరుగుతుంది? పథకం నిబంధనల పుస్తకంలో నగరానికి ఉండవలసిన పది ముఖ్య సౌకర్యాలు రాశారు. నీళ్లు, కరెంటు, పారిశుధ్యం, రాకపోకలు, పేదలకు ఇళ్లు, సమాచార సాంకేతికత, సుపరిపాలన, పర్యావరణం, భద్రత. పదోది, అన్నిటికన్నా చివరిది, ఆరోగ్యం, విద్య. రెండూ ఒకే పీట మీద. వరుసలో చివర ఉంటే చిన్నదని అర్థం కాదు గాని, పంక్తిలో చివర కూర్చున్నవాడికి గారెలు మిగిలాయా అన్న అనుమానం మాత్రం ఉంటుంది. పైగా యజమానులు వేరు. కెమెరాలూ దీపాలూ స్మార్ట్ సిటీ కంపెనీవి, చెత్తా మురుగూ నగరపాలక సంస్థవి, పెద్దాసుపత్రి రాష్ట్ర వైద్యశాఖది, 108 బండి ఇంకొకరి అజమాయిషీలోది. రోగి మాత్రం ఒక్కడే. గుండెనొప్పి వచ్చినవాడు ఇంటి నుంచి మంచం దాకా వెళ్లే ఆ గంటలో ఈ నలుగురి చేతుల్లోనూ పడి లేవాలి.

తలుచుకుంటే కలవడం కుదరదా అంటే, కుదిరింది. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశంలో చాలా స్మార్ట్ నగరాల్లో ఈ తెరల గదులనే కరోనా పోరాటానికి కేంద్రాలు చేశారు. చెత్తబళ్లు చూసిన తెర మీదే రోగులు ఏ వీధిలో ఉన్నారో చూశారు, అక్కడి నుంచే ఫోనులో డాక్టరు సలహాలు చెప్పించారు. ‘మా శాఖ కాదు’ అన్న మాట కొన్ని నెలలపాటు వినపడలేదు. మహమ్మారి వెనకపట్టగానే మళ్లీ ఎవరి అలమార వాళ్లు తాళం వేసుకున్నారు.

అదే సంవత్సరం మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి బయటపడింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తుతూ పరుగెత్తుతూ పడిపోయారు. పోలీసులు, ఇరుగుపొరుగులు దొరికిన బండిలో వేసి కేజీహెచ్‌కు చేర్చారు. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో అపాయం తెలిపే సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ఆ రోజు డాక్టర్లు చేసిన పనికి చేతులెత్తి నమస్కరించాలి. కాని డాక్టరు చేతికి వచ్చేసరికే ఆలస్యమైపోయే జబ్బులు కొన్ని ఉంటాయి, ఆ జబ్బుకు మందు సైరన్. ఊరిలో వేల కళ్లు పెట్టిన నగరానికి ఆ గేటు దగ్గర ఒక్క గొంతు లేకపోయింది.

మూడో రోజు సాయంత్రం గెడ్డల వెంబడి నడిచాను. ఇటువైపు వాగును గెడ్డ అంటారు. కొండల మీద పుట్టి ఊరి నడుమగా సముద్రంలోకి పోయే ఈ గెడ్డలు ఇప్పుడు చాలావరకు మురుగు మోస్తున్నాయి. వెళ్లవలసిన చోటు కాదని ఆటో డ్రైవరు కూడా హెచ్చరించాడు. బీచిరోడ్డు మీద ఫొటో తీసుకునేవాళ్లు వందమంది ఉంటే ఇక్కడ నేనూ ఒక కుక్కా. కాని నాకు చూడబోతే ఆసుపత్రికి అసలు ముందుగది ఇదేననిపించింది. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. నూట పాతికేళ్లు దాటింది. వానలు పడ్డాక ఇప్పటికీ జ్వరాల వార్డు నిండుతూనే ఉంది. నిలవనీరు తీసిన వీధి నుంచి వార్డుకు పది మంది తక్కువ వస్తే, ఆ పది మంచాలూ కొత్తగా కట్టించినట్టే. వాటికి శిలాఫలకం ఉండదు. అందుకే కాబోలు ఆ పని చివరికి పడిపోతుంది.

ఇంకొక సంగతి. పట్టణాల్లో యాభై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2013 నాటి పట్టణ ఆరోగ్య పథకం చెబుతోంది. నేను బసచేసిన వీధి చివర అలాంటిదొకటి ఉంది. తలనొప్పి మాత్ర కోసం వెళ్లాను. డాక్టరమ్మ ఉంది, రక్తపు పోటు చూసింది, ఉప్పు తగ్గించమని కోప్పడింది, మాత్రలిచ్చింది. పావుగంట పట్టలేదు. వీధిలోనివాళ్లను అడిగితే, “అక్కడా? చిన్న జబ్బులకేనండి, మేం పెద్దాసుపత్రికే పోతాం,” అన్నారు. చిన్న జబ్బుకు పెద్దాసుపత్రికి పోయిన ప్రతివాడూ ఆ అనంతగిరి ముసలాయన ముందు లైనులో నిలబడతాడు. ఈ కేంద్రం ఇక్కడ ఉందని, ఇన్ని గంటలకు తెరుస్తారని, ఫలానా పరీక్షలు ఇక్కడే చేస్తారని చెప్పడానికి పెద్ద తెరలు కూడా అక్కరలేదు. కూడలిలో చీరల ప్రకటన పక్కన కొంచెం చోటిస్తే చాలు.

మన్యం సంగతి చెప్పకుండా విశాఖ ఆసుపత్రి సంగతి పూర్తి కాదు. పాడేరు ఘాటు పైన బండి పోని గూడేలు ఇంకా ఉన్నాయి. అక్కడ నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి మోస్తారు. మన పిల్లలకు తెలియదు గనుక చెబుతున్నాను: లావుపాటి కర్రకు దుప్పటి ఉయ్యాలగా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన వేసుకుని బండి దొరికే దాకా కొండ దిగుతారు. మోటారుసైకిలుకు పక్క పడక అమర్చిన చిన్న అంబులెన్సులు కొంతకాలం కిందట ప్రవేశపెట్టారు. దారి ఉన్నంతవరకు అవి మేలే చేశాయి. కేజీహెచ్‌లో గిరిజనులకు చేయూతగా ప్రత్యేక విభాగం ఒకటి పెట్టారు. దిక్కు తోచని మనిషికి “ఇటు రా” అని చెప్పేవాడు ఒకడున్నాడంటే అదీ వైద్యమే.

నాలుగో రోజు రాత్రి మామయ్యగారి దగ్గర సెలవు తీసుకుని స్టేషనుకు వచ్చాను. నా బండికి ఇంకా ముప్పావుగంట ఉంది. కిరండూలు పాసింజరు అప్పుడే వచ్చింది. అరకు చూసి వచ్చిన సంబరపు జనం కాఫీపొడి పొట్లాలు, వెదురు బుట్టలు పట్టుకుని దిగారు. వాళ్ల వెనక ఒక కుర్రాడు, నిండు నెలల భార్య, చేతిలో పాలిథీన్ సంచీలో మడిచిన కాగితం. బయట ఆటోల దగ్గరకు నాతోపాటే వచ్చారు. అరటిపళ్లు కొనుక్కుందామని నేనూ అటే వెళ్లాను.

“పెద్దాసుపత్రికి,” అన్నాడు కుర్రాడు.

“పై గేటా, కింది గేటా?” అన్నాడు ఆటోవాడు అలవాటుగా. కుర్రాడు భార్య వైపు చూశాడు. ఆమె కాగితం వైపు చూసింది. ఆటోవాడు చెయ్యి చాపి దాన్ని తీసుకుని, దీపం కిందికి నడిచి, పెదవులు కదుపుతూ చదివాడు.

“ఇది కేజీహెచ్‌కి రాసింది కాదు బాబూ. ఘోషాసుపత్రికి. పాతూళ్లో. ఎక్కండి, నానెరుగుదును. మెల్లగా తోల్తాను.”

నా బండి రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని లోపల మైకులో చెబుతున్నారు. పళ్లవాడికి డబ్బులిచ్చి లోపలికి పరుగెత్తాను.